వైర్‌లెస్ ఓబీడీ అడాప్టర్: ఏది కొనాలి, ఎలా కలపాలి, ఏం చదవాలి

చెక్ ఇంజన్ లైటు వెలిగిన కారును షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ మొదట చేసే పని స్కానర్ పెట్టడం. ఇప్పుడు ఆ పనిలో చాలా భాగం అరచేతిలో ఇమిడే ఓబీడీ అడాప్టర్, మీ ఫోను కలిసి చేసేస్తాయి. ఓబీడీ అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌ల రూపంలో దాచుకునే ఏర్పాటు, దాని సాకెట్లో పెట్టేదే ఈ అడాప్టర్. పాత అడాప్టర్లకూ ఇప్పటి మంచి వాటికీ తేడా బాగానే ఉంది. ఐఫోన్‌తో కలుస్తున్నాయి, బండి ఆపితే వాటంతట అవే నిద్రలోకి వెళ్తున్నాయి, ఇంజన్‌తో పాటు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ యూనిట్లతోనూ మాట్లాడుతున్నాయి. అదే పేరుతో, అదే రూపంలో నాసిరకం నకళ్లూ అంతే జోరుగా అమ్ముడవుతున్నాయి. కొనేటప్పుడు ఏం చూడాలో, కలవకపోతే ఎక్కడ వెతకాలో, కలిశాక ఏ వరసలో చదవాలో కింద ఉంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. కోడ్ కనపడగానే చెరిపే బటన్ నొక్కకండి. ఆ కోడ్‌తో పాటు పోయే సమాచారం మళ్లీ రాదు.

మొదటి అడుగు: మీ బండి మాట్లాడుతుందా?

మన దేశంలో కార్లకు ఓబీడీ 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 కాలుష్య ప్రమాణంతో పాటు మొదలైంది. దాని తర్వాతి తరం, ఓబీడీ-2, 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది. అయితే 2010లో బీఎస్-4 అమలైంది హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లోనే. దేశమంతటా తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్ 1న. అందువల్ల 2013 తర్వాత కొన్నదైనా, జిల్లాలో రిజిస్టర్ అయిన బండి బీఎస్-3 కావడానికి వీలుంది. తయారీ సంవత్సరం ఒక్కటే చూసి అడాప్టర్ కొనకండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 కార్లకు ఈ అనుమానం అక్కర్లేదు. అమెరికాలో ఉన్నవారికి లెక్క ఇంకా తేలిక. 1996 మోడల్ నుంచి ప్రతి కారుకూ ఓబీడీ-2 ఉంది, 2008 మోడల్ నుంచి అన్నీ క్యాన్ అనే ఒకే పద్ధతిలో మాట్లాడతాయి.

సాకెట్ స్టీరింగ్ కిందే, డ్యాష్‌బోర్డు అడుగున, డ్రైవర్ మోకాళ్ల దగ్గర ఉంటుంది. కొన్నిటిలో ఫ్యూజు బాక్సు మూత వెనక దాగి ఉంటుంది. ఆకారం పైన వెడల్పు, కింద కాస్త సన్నం, రెండు వరసల్లో మొత్తం 16 రంధ్రాలు. ఫోన్ టార్చి వేసి ఏయే రంధ్రాల్లో లోహపు పిన్ను ఉందో చూడండి. 16లో ఎప్పుడూ బ్యాటరీ 12 వోల్టులు ఉంటుంది, 4, 5 ఎర్త్. 6లోనూ 14లోనూ పిన్నులుంటే బండి క్యాన్‌లో మాట్లాడుతుందని దాదాపు ఖాయం. అవి లేకుండా 7 మాత్రమే ఉంటే అది పాత కే-లైన్ బండి. అది కూడా పనిచేస్తుంది, కాకపోతే నెమ్మది. క్యాన్ సాధారణంగా సెకనుకు 500 కిలోబిట్లు మోస్తే కే-లైన్ మోసేది 10.4 మాత్రమే. సాకెట్ ఉండి కూడా కంపెనీ సొంత భాష తప్ప మరేదీ అర్థంకాని పాత బండ్లు కొన్ని ఉన్నాయి. వాటితో ఏ సాధారణ అడాప్టరూ పనిచేయదు.

బైకులకు ఈ సాకెట్ ఉండదు. చాలా బీఎస్-6 బైకుల్లో సీటు కింద 6 పిన్నుల కప్లర్ ఉంటుంది, దానికి మార్పిడి కేబుల్ వేరుగా కొనాలి.

రెండో అడుగు: అడాప్టర్ ఎంపిక

చూడవలసినవి రెండు. ఫోన్‌తో మాట్లాడే రేడియో ఏది, బండితో మాట్లాడే చిప్ ఏది. పెట్టె మీద రాసే మిగతా గొప్పలు పట్టించుకోకండి.

రేడియోలు మూడు రకాలు. పాత బ్లూటూత్, అంటే క్లాసిక్, ఆండ్రాయిడ్ ఫోన్లతో ఏ పేచీ లేకుండా నడుస్తుంది. ఐఫోన్‌కు అది అక్కరకు రాదు. ఆపిల్ అనుమతి చిప్ లోపల లేని క్లాసిక్ అడాప్టర్‌ను ఐఫోన్ యాప్‌లు తాకలేవు. అందుకే ఐఫోన్ వాడేవాళ్లు ఏళ్ల తరబడి వైఫై అడాప్టర్లు కొన్నారు. వైఫై రకం తనే ఒక హాట్‌స్పాట్ అయి కూర్చుంటుంది. ఫోన్ దానికి కలిసిందంటే ఇంటర్నెట్ పోతుంది, మ్యాప్ ఆగిపోతుంది. వైర్‌లెస్ కార్‌ప్లే కూడా వైఫై మీదే నడుస్తుంది గనక ఆ రెండూ ఒకేసారి కుదరవు. ఈ ఇబ్బందులన్నీ తీర్చింది బ్లూటూత్ లో ఎనర్జీ, అంటే బీఎల్ఈ. ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ ఒకటే అడాప్టర్, ఇంటర్నెట్‌కు అడ్డు రాదు, కరెంటు తక్కువ తింటుంది. ఇవాళ కొత్తగా కొనేవాళ్లకు మా సలహా బీఎల్ఈనే. పెట్టె మీద బ్లూటూత్ 4.0 లేదా 5 అని ఉండటంతో పాటు 'ఐఓఎస్, ఆండ్రాయిడ్ రెండూ' అని స్పష్టంగా ఉండాలి.

చిప్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మార్కెట్లో ప్రతి అడాప్టర్ పేరులోనూ కనిపించే ఈఎల్ఎం327 అనేది కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ చేసిన చిప్. తొలి వెర్షన్‌లో కాపీ చేయకుండా రక్షణ పెట్టలేదు, దాంతో నకళ్లు ప్రపంచమంతా పాకిపోయాయి. అసలు కంపెనీ 2022లో మూతపడింది. అందుకే మూడు నాలుగు వందలకు దొరికే 'ఈఎల్ఎం327' లోపల ఆ చిప్ ఉండదు, దాన్ని అనుకరించే ఏదో ఒక మైక్రోకంట్రోలర్ ఉంటుంది. అన్ని నకళ్లూ చెడ్డవి కావు. కొన్ని కోడ్ చదవడానికి, నాలుగు కొలతలు చూడటానికి సరిపోతాయి. చిక్కు ఎక్కడంటే, 'వెర్షన్ 1.5' అని రాసిన అడాప్టర్లు బోలెడు కనిపిస్తాయి గానీ ఆ నంబరుతో అసలు కంపెనీ ఏదీ విడుదల చేయలేదు. '2.1' అని రాసిన వాటిలో చాలావాటికి పాత 1.4 ఆదేశాలు కూడా సగం తెలియవు. పెట్టె మీది వెర్షన్ నంబరును నాణ్యతకు గుర్తుగా తీసుకోకండి.

నకలు చిప్ ఎక్కడ దొరికిపోతుందంటే పొడుగాటి జవాబుల దగ్గర. క్యాన్‌లో ఒక సందేశంలో 8 బైట్లే పడతాయి. 17 అక్షరాల చాసిస్ నంబరు, అంటే విన్, పట్టాలంటే బండి దాన్ని ముక్కలుగా పంపుతుంది. అడాప్టర్ ముక్కలన్నీ అందుకుని వరస తప్పకుండా ఫోన్‌కు ఇవ్వాలి. చిన్న బఫర్, అంటే ముక్కలను తాత్కాలికంగా దాచే చోటు, ఉన్న నకలు మధ్యలో ముక్కలు వదిలేస్తుంది. కొన్న రోజే యాప్‌లో విన్ తెరిచి, ఆర్‌సీ మీదున్న చాసిస్ నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. కొన్ని పాత బండ్లు విన్ ఇవ్వవు, అది అడాప్టర్ తప్పు కాదు. సగం వచ్చి ఆగినా, చెత్త అక్షరాలు కలిసినా మాత్రం వాపసు గడువు దాటకముందే తిరిగి పంపేయండి.

మెరుగైన వరసలో రెండు కుటుంబాలు గుర్తుపెట్టుకోండి. ఓబీడీలింక్ అడాప్టర్లు ఎస్‌టీఎన్ అనే సొంత చిప్ మీద నడుస్తాయి, ఈఎల్ఎం327 ఆదేశాలన్నీ అర్థం చేసుకుంటూనే అదనంగా తమవీ కలిపాయి. అందులో సీఎక్స్ బీఎల్ఈ రకం. ఎంఎక్స్ ప్లస్ క్లాసిక్ బ్లూటూత్ అయినా ఆపిల్ అనుమతి ఉంది, ఫోర్డ్ కార్లలోని రెండో క్యాన్ లైనును కూడా స్విచ్ తిప్పే పని లేకుండా చదువుతుంది. వీగేట్ వారి వీలింకర్ వరస ధరలో మధ్యస్థం, ఇంటివాడకానికి చాలు. ఫోక్స్‌వాగన్, స్కోడా బండ్లలో సెట్టింగులు మార్చుకోవాలనుకునేవారికి ఓబీడీఎలెవెన్ ఉంది, అది తన సొంత అడాప్టర్‌తోనే నడుస్తుంది.

మూడో అడుగు: కలపడం

ముందు యాప్ దించుకోండి. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండిటికీ కార్ స్కానర్, ఓబీడీ ఫ్యూజన్ ఉన్నాయి. టార్క్ ప్రో ఆండ్రాయిడ్‌కే. ఫోర్డ్ బండి అయితే ఫోర్‌స్కాన్‌ను మించింది లేదు.

బండి ఆపి, తాళం తీసి, అడాప్టర్‌ను సాకెట్లో పూర్తిగా లోపలికి దిగేలా నొక్కండి. సగం దిగితే లైటు వెలుగుతుంది గానీ డేటా పిన్నులు తాకవు. తర్వాత ఇగ్నిషన్ ఆన్ చేయండి. పుష్ బటన్ బండిలో బ్రేకు, క్లచ్ తొక్కకుండా బటన్ రెండుసార్లు నొక్కితే చాలావాటిలో మీటర్లన్నీ వెలుగుతాయి. ఇంజన్ ఇంకా స్టార్ట్ చేయనక్కర్లేదు.

ఇక్కడి నుంచి రేడియోను బట్టి దారి మారుతుంది. క్లాసిక్ అయితే ఫోన్ బ్లూటూత్ సెట్టింగుల్లో వెతికి జత చేయండి, పిన్ 1234 లేదా 0000. ఆ తర్వాతే యాప్‌లో దాన్ని ఎంచుకోవాలి. బీఎల్ఈ అయితే దీనికి పూర్తిగా తిరగేసి చేయాలి. ఫోన్ సెట్టింగుల్లో జత చేయకండి, నేరుగా యాప్ లోపలే వెతకండి. చాలామంది పాత అలవాటుకొద్దీ సెట్టింగుల్లో జత చేస్తారు. అప్పుడు అడాప్టర్ ఫోన్‌కు అతుక్కుపోయి యాప్‌కు కనపడదు. అలా జరిగితే సెట్టింగుల్లో దాన్ని తొలగించి, అడాప్టర్‌ను ఒకసారి పీకి మళ్లీ పెట్టండి. ఆండ్రాయిడ్ 12 నుంచి 'దగ్గర్లోని పరికరాలు' అనుమతి, అంతకు ముందువాటిలో లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే బీఎల్ఈ అడాప్టర్ జాబితాలోకే రాదు. పాత ఫోన్లలో అనుమతితో పాటు లొకేషన్ కూడా ఆన్‌లో ఉండాలి.

వైఫై అయితే దాని హాట్‌స్పాట్‌కు కలిసి, యాప్‌లో చిరునామా 192.168.0.10, పోర్టు 35000 అని ఉందో లేదో చూసుకోండి. ఎక్కువ అడాప్టర్లకు అదే నప్పుతుంది. 'ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు' అని ఫోన్ దానంతటదే మొబైల్ డేటాకు మారిపోతుంది, కలిసి విడిపోతుండటానికి కారణం అదే. ఆ కాసేపూ మొబైల్ డేటా ఆపేయండి.

కలవకపోతే

అడాప్టర్ లైటే వెలగడం లేదంటే 16వ పిన్నుకు కరెంటు రావడం లేదు. మల్టీమీటర్ నల్ల తీగ 4లో, ఎర్ర తీగ 16లో పెట్టి చూడండి. తీగల కొనలు ఒకదానికొకటి తగలనివ్వకండి. 12 వోల్టులు లేకపోతే ఫ్యూజు పోయింది. చాలా బండ్లలో ఈ సాకెట్‌కూ సిగరెట్ లైటర్‌కూ ఒకటే ఫ్యూజు. చవకరకం ఛార్జరో, టైరు గాలి పంపో దాన్ని ఎప్పుడో కాల్చేసి ఉంటుంది. ఫ్యూజు మార్చేటప్పుడు అంతే ఆంపియర్లది వేయండి, ఎక్కువది కాదు.

లైటు వెలిగి, ఫోన్‌తో కలిసి, బండితో మాత్రం కలవకపోతే యాప్ చూపే సందేశం చదవండి. 'అనేబుల్ టు కనెక్ట్' అంటే అన్ని భాషల్లో పలకరించినా బండి పలకలేదని. ముందు ఇగ్నిషన్ నిజంగా ఆన్‌లో ఉందో చూడండి, చాలా సందర్భాల్లో కారణం ఇదే. తర్వాత యాప్‌లో ప్రొటోకాల్‌ను, అంటే బండితో మాట్లాడే భాషను, 'ఆటో' నుంచి తీసి 'క్యాన్ 11 బిట్, 500' అని పెట్టండి. హోండా అయితే 29 బిట్ కూడా ప్రయత్నించండి. 'బస్ ఇనిట్ ఎర్రర్' కే-లైన్ బండ్లలో వస్తుంది. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, పది సెకన్లు ఆగి మళ్లీ మొదలుపెడితే చాలాసార్లు పోతుంది. 'నో డేటా' వస్తే కంగారు పడకండి. బండి వింటోంది, మీరడిగిన ఆ ఒక్క కొలత దాని దగ్గర లేదు.

క్యాన్ తీగలమీదే అనుమానం ఉంటే బ్యాటరీ నెగెటివ్ తీసి, 6కీ 14కీ మధ్య ఓమ్‌లు కొలవండి. క్యాన్ లైను రెండు కొసల్లో 120 ఓమ్‌ల చొప్పున రెసిస్టర్లు ఉంటాయి, రెండూ కలిసి 60 చూపాలి. 120 చూపితే ఒక కొస తెగింది. సున్నాకు దగ్గరగా ఉంటే రెండు తీగలు ఒరుసుకున్నాయి. సాకెట్ వెనక గేట్‌వే, అంటే సందేశాలను మధ్యలో వడపోసే యూనిట్, ఉన్న కొత్త బండ్లలో ఈ లెక్క మారవచ్చు, అక్కడ దీన్నే తీర్పుగా పట్టుకోకండి.

అడాప్టర్ నిజంగా ఏం చేస్తోందో కళ్లారా చూడాలంటే సీరియల్ బ్లూటూత్ టెర్మినల్ లాంటి యాప్‌లో కలిసి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఏ-టీ-ఆర్-వీ అని పంపండి. బ్యాటరీ వోల్టేజీ వస్తుంది. మల్టీమీటర్‌తో పోల్చి చూడండి, నకళ్లు ఇక్కడ అర వోల్టు తేడా చూపడం మామూలే. ఇంజన్ నడుస్తుండగా 01 0సీ అని పంపితే '41 0సీ 0బీ బీ8' లాంటి జవాబు వస్తుంది. 41 అంటే మీ 01 ప్రశ్నకు బదులు, 0సీ అంటే ఇంజన్ వేగం, చివరి రెండూ విలువ. ఇవి హెక్స్, అంటే పదహారు ఆధారంగా ఉన్న లెక్కలో రాసిన అంకెలు: 0బీ అంటే 11, బీ8 అంటే 184. 11ను 256తో గుణించి 184 కలిపితే 3000, దాన్ని 4తో భాగిస్తే 750 ఆర్‌పీఎం. యాప్‌లు చూపే రంగురంగుల మీటర్లన్నీ లోపల చేసేది ఈ లెక్కే.

నాలుగో అడుగు: చదవడం, ఈ వరసలోనే

ముందు కోడ్‌లన్నీ స్క్రీన్‌షాట్ తీయండి. స్థిరపడినవి ఒక జాబితా, ఇంకా ఖాయం కాని పెండింగ్‌వి మరో జాబితా. లైటు వెలగకముందే పెండింగ్‌లో కోడ్ కనపడితే అది మీకు దొరికిన అదృష్టం, పని చిన్నదిగా ఉండగానే చేయించుకోవచ్చు.

తర్వాత ఫ్రీజ్ ఫ్రేమ్ తెరవండి. కోడ్ పడిన క్షణంలో వేగం, ఆర్‌పీఎం, ఇంజన్ వేడి, లోడు ఎంత ఉన్నాయో కంప్యూటర్ ఒక ఫొటోలా దాచుకుంటుంది. పీ0300, అంటే మిస్‌ఫైర్, ఇంజన్ 25 డిగ్రీల దగ్గర, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తుండగా పడిందంటే ఒక కథ. 95 డిగ్రీలు, 3500 ఆర్‌పీఎం, 85 శాతం లోడులో పడిందంటే అది వేరే కథ, అక్కడ ముందు చూడాల్సింది కాయిళ్లు, ప్లగ్గులు, పెట్రోల్ ప్రెజర్. ఈ సమాచారం మెకానిక్‌కు బంగారం. చెరిపే బటన్ నొక్కితే ఇది కూడా కోడ్‌తో పాటే పోతుంది.

ఇక లైవ్ డేటా. స్క్రీన్ నిండా ఇరవై మీటర్లు పెట్టుకోవద్దు. అడాప్టర్ ఒక్కొక్కటీ వరసగా అడుగుతుంది కాబట్టి మీటర్లు పెరిగే కొద్దీ ఒక్కొక్కటి ఆలస్యంగా మారుతుంది. క్యాన్ బండ్లలో ఒకే ప్రశ్నలో ఆరు కొలతల దాకా అడగవచ్చు, మంచి అడాప్టర్, మంచి యాప్ కలిస్తే ఆ సౌకర్యం వాడుకుంటాయి. అయినా నాలుగైదు చాలు. చాలా పెట్రోల్ బండ్లలో పొగగొట్టంలో ముందు వచ్చే ఆక్సిజన్ సెన్సార్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి. నెమ్మదైన అడాప్టర్‌లో ఆ ఊపు కనపడక, సెన్సార్ చచ్చిపోయిందనుకుని మార్పించేవాళ్లున్నారు.

ఇంజన్ బాగా వేడెక్కాక మామూలుగా ఉండే అంకెలివి. కూలెంట్ 85 నుంచి 105 డిగ్రీలు. ఐడిల్ 700 నుంచి 850 ఆర్‌పీఎం. ఇంజన్ ఆపి కాసేపయ్యాక బ్యాటరీ 12.4 పైన, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.6. స్మార్ట్ ఛార్జింగ్ ఉన్న బండ్లలో నడుస్తుండగా ఇంకా కిందికి దిగినా తప్పు కాదు. అరగంట హైవే మీద నడిపినా కూలెంట్ 75 దాటకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని బిగుసుకుంది, పీ0128 అన్న కోడ్ త్వరలోనే వస్తుంది.

పెట్రోల్ బండిలో అన్నిటికంటే విలువైనవి ఫ్యూయల్ ట్రిమ్‌లు. అవి అర్థమైతే అడాప్టర్‌కు పెట్టిన డబ్బు తిరిగి వచ్చినట్టే. కంప్యూటర్ తన లెక్క ప్రకారం పెట్రోల్ పోస్తుంది, ఆక్సిజన్ సెన్సార్ చెప్పినదాన్ని బట్టి ఎంత పెంచిందో తగ్గించిందో శాతాల్లో చూపుతుంది. షార్ట్ టర్మ్ ఆ క్షణానిది, లాంగ్ టర్మ్ కొన్నాళ్లుగా అలవాటైనది. రెండూ కూడి చూడండి. 5 శాతం అటూ ఇటూ మామూలే. 10 దాటితే వెతకాలి.

పీ0171 వచ్చిందనుకుందాం. అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. బండి నిలబెట్టి ఐడిల్‌లో ట్రిమ్‌ల మొత్తం చూడండి, తర్వాత యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర అర నిమిషం పట్టి మళ్లీ చూడండి. ఐడిల్‌లో ప్లస్ 20 ఉండి, 2500 దగ్గర ప్లస్ 4కు దిగితే ఎక్కడో గాలి లీకవుతోంది. కారణం తేలిక. చీలికలోంచి దూరే గాలి అటూ ఇటూగా అంతే ఉంటుంది. ఐడిల్‌లో ఇంజన్ పీల్చేది కొంచెమే గనక అందులో ఈ దొంగగాలి వాటా పెద్దది, వేగం పెరిగాక ఆ వాటా చిన్నబోతుంది. ఎయిర్ ఫిల్టర్ తర్వాతి రబ్బరు గొట్టం, పీసీవీ పైపు, బ్రేక్ బూస్టర్ గొట్టం, మానిఫోల్డ్ గ్యాస్కెట్ వెతకండి. అదే ఐడిల్‌లో ప్లస్ 5 ఉండి వేగంతో పాటు ప్లస్ 18కి పెరిగితే లీకు కాదు, పెట్రోల్ చాలడం లేదు. ఫిల్టర్ మూసుకుపోయిందో, పంపు నీరసించిందో, గాలి కొలిచే మాఫ్ సెన్సార్ మీద దుమ్ము పట్టిందో చూడాలి.

ఈ సూత్రానికి ఒక మినహాయింపుంది. మన దగ్గర చాలా చిన్న కార్లలో మాఫ్ సెన్సార్ ఉండదు, మానిఫోల్డ్ ప్రెజర్ కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. లీకైన గాలిని కూడా అది లెక్కలోకి తీసేసుకుంటుంది. అందుకే అలాంటి బండిలో లీకు ఉంటే ట్రిమ్ అంతగా పెరగదు, ఐడిల్ వేగం పెరుగుతుంది. యాప్‌లో మాఫ్ కొలత వస్తోందా, మానిఫోల్డ్ ప్రెజర్ వస్తోందా ముందే చూసుకోండి.

ట్రిమ్ మైనస్ 15 దాకా పోతే పెట్రోల్ ఎక్కువవుతోంది. ఇంజెక్టర్ కారడం, ట్యాంకు ఆవిరిని ఇంజన్‌కు వదిలే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోవడం, ఇంజన్ ఆయిల్‌లో పెట్రోల్ కలవడం ఇందుకు కారణాలు. బయట సీఎన్‌జీ కిట్ పెట్టించిన బండిలో గ్యాస్ మీద నడుస్తున్నప్పటి ట్రిమ్ చూసి తీర్మానించకండి. కిట్ ట్యూనింగ్ సరిగ్గా లేకపోతే ఆ అంకెలు పెట్రోల్ వ్యవస్థ గురించి ఏమీ చెప్పవు. కొన్ని పదుల కిలోమీటర్లు పెట్రోల్ మీద నడిపి అప్పుడు చూడండి.

డీజిల్‌లో ఈ ట్రిమ్‌లు ఉండవు. అక్కడ రైల్ ప్రెజర్, టర్బో బూస్ట్ చూడాలి. బీఎస్-6 డీజిల్‌లో పీ2463 వస్తే డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి పేరుకుంది. ఊళ్లో చిన్న దూరాలే తిరిగే బండికి ఇది తరచూ వస్తుంది. మాన్యువల్లో చెప్పినట్టు హైవే మీద నిలకడైన వేగంతో నడిపి కాల్చుకోనివ్వాలి.

చెరపడం ఎప్పుడు?

లోపం సరిచేశాకే. చెరిపితే లైటు ఆరుతుంది, దాంతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది, కంప్యూటర్ స్వయంగా చేసుకున్న పరీక్షల ఫలితాలు కూడా పోతాయి. వాటినే రెడీనెస్ మానిటర్లు అంటారు. అమెరికాలో ఉద్గారాల పరీక్ష ఉన్న ప్రాంతాల్లో ఇది నేరుగా తగులుతుంది. పరీక్ష ముందురోజు కోడ్ చెరిపి వెళ్తే మానిటర్లు పూర్తికాలేదని వెనక్కి పంపేస్తారు. 2001 మోడల్ నుంచి వచ్చిన బండికి ఒక్క మానిటర్ అసంపూర్తిగా ఉన్నా సరిపెట్టుకునే రాష్ట్రాలు చాలా. కాలిఫోర్నియాలో 2000 మోడల్ నుంచి వచ్చిన పెట్రోల్ బండికి ఇవాప్, అంటే పెట్రోల్ ఆవిరి లీకవుతోందా చూసే పరీక్ష, ఒక్కటి తప్ప అన్నీ పూర్తయి ఉండాలి. రాత్రంతా ఆపిన చల్లటి ఇంజన్‌తో మొదలుపెట్టి, రెండు మూడు నిమిషాలు ఐడిల్, తర్వాత పావుగంట పైన హైవే మీద ఒకే వేగం, మధ్యలో యాక్సిలరేటర్ వదిలి నెమ్మదించడం, ఇలా కొన్ని రోజులు నడిపితే నిండుతాయి. పెట్రోల్ ట్యాంకు పావుకూ ముప్పావుకూ మధ్య ఉంచండి, నిండుగా ఉంటే ఇవాప్ పరీక్ష మొదలే కాదు. అక్కడి 2010 తర్వాతి మోడళ్లలో పర్మనెంట్ కోడ్‌లు ఏ స్కానర్‌తోనూ చెరగవు, లోపం పోయిందని కంప్యూటరే తేల్చుకుని తీసేస్తుంది.

ఇదే విషయం సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు మీకు ఆయుధం. 'కోడ్‌లు చెరిపినప్పటి నుంచి నడిచిన దూరం' అనే కొలత యాప్‌లో ఉంటుంది. దాన్ని తెరవండి. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండిలో అది 12 కిలోమీటర్లు అని చూపితే, మానిటర్లు కూడా ఖాళీగా ఉంటే, మీరు రాకముందే ఎవరో చెరిపారు. లేదా బ్యాటరీ తీసి పెట్టారు. అమ్మేవారిని అడగండి. సమాధానం నచ్చకపోతే 100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ చూపించమనండి. విన్ కూడా ఆర్‌సీతో పోల్చండి.

చవక అడాప్టర్ చేయలేనివి

చట్టం తప్పనిసరి చేసిన భాగం ఉద్గారాలకు సంబంధించిందే. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, బాడీ కంట్రోల్ కంపెనీ సొంత వ్యవహారాలు. వాటిని చదవాలంటే మీ మోడల్ తెలిసిన యాప్, పొడుగాటి సందేశాలు తడబడకుండా మోసే అడాప్టర్ రెండూ కావాలి. డీపీఎఫ్ బలవంతపు రీజెనరేషన్ (మసిని కాల్పించడం), ఏబీఎస్ బ్రేకుల్లోంచి గాలి తీయడం, ఇంజెక్టర్ కోడింగ్ లాంటివి షెడ్డుల్లో వాడే లాంచ్, ఆటెల్ తరహా పరికరాల పని. కొత్త బండ్లలో ఇంకో తలుపు కూడా వేశారు. ఫియట్ క్రైస్లర్ 2018 మోడళ్ల నుంచి సెక్యూరిటీ గేట్‌వే పెట్టింది. బయటి పరికరం చదవగలదు, అనుమతి లేకుండా చెరపడం, పరీక్షలు నడపడం మాత్రం కుదరదు.

ప్రమాణం కూడా మారుతోంది. యూడీఎస్ అనే కొత్త సందేశ పద్ధతి ఆధారంగా నడిచే ఓబీడీ కాలిఫోర్నియాలో 2023 మోడల్ నుంచి ఐచ్ఛికం, 2027 మోడల్ నుంచి తప్పనిసరి. అందులో కోడ్ రెండు బైట్లు కాక మూడు బైట్లు, జవాబులు పొడుగు. మంచి చిప్ ఉన్న అడాప్టర్‌కు యాప్ అప్‌డేట్ చాలు, పొడుగు జవాబులు మింగలేని నకళ్లు అక్కడ ఆగిపోతాయి.

ఎలక్ట్రిక్ కారుకు సైలెన్సరే లేదు గనక పాత ప్రమాణం ప్రకారం అది చెప్పేది చాలా తక్కువ. బ్యాటరీ సెల్ వోల్టేజీలు, ఆరోగ్యం చూడాలంటే యాప్‌లో మీ మోడల్ పేరుతో ప్రొఫైల్ ఉండాలి. కొనేముందు అది ఉందో లేదో చూసుకోండి.

పెట్టి వదిలేయవచ్చా?

16వ పిన్నులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. నిద్రపోని అడాప్టర్ 45 మిల్లీ ఆంపియర్లు తింటుందనుకుంటే రోజుకు ఒక ఆంపియర్ అవర్ పైచిలుకు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. బండి సొంత వాడకం కూడా కలిపితే, వేసవి సెలవులకు ఊరెళ్లి రెండు వారాల తర్వాత వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ తిరగకపోవచ్చు. నిద్ర సౌకర్యం ఉన్న వాటిలో ఇది రెండు మూడు మిల్లీ ఆంపియర్లకు పడిపోతుంది. మల్టీమీటర్‌ను బ్యాటరీకి వరసలో పెట్టి, బండి లాక్ చేసి అరగంట ఆగి, అడాప్టర్ ఉన్నప్పుడూ లేనప్పుడూ కొలిస్తే నిజం తెలిసిపోతుంది. కొలుస్తూ స్టార్ట్ మాత్రం చేయకండి, మీటర్ ఫ్యూజు పోతుంది.

భద్రత రెండో కారణం. పిన్ 1234 ఉన్న అడాప్టర్, పాస్‌వర్డ్ లేని వైఫై అడాప్టర్ పార్కింగ్‌లో పక్కన నిలబడ్డ ఎవరి ఫోన్‌కైనా తలుపు తెరుస్తాయి. 2020లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 77 వైర్‌లెస్ అడాప్టర్లను పరిశీలిస్తే ప్రతిదానిలోనూ కనీసం రెండు రకాల లోపాలు బయటపడ్డాయి. జత చేయడానికి అడాప్టర్ మీది బటన్ నొక్కి తీరాలనే రకం దీనికి మెరుగు.

మూడోది డ్రైవర్ కాళ్లు. సాకెట్ క్లచ్ పైనే ఉన్న బండ్లలో పొడుగు అడాప్టర్ మోకాలికో బూటుకో తగులుతుంది, కిందపడితే పెడల్ కింద ఇరుక్కుంటుంది. నడుపుతూ చూడాల్సి వస్తే పొట్టి రకం వాడండి, లేదంటే 30 సెంటీమీటర్ల బల్లపరుపు పొడిగింపు కేబుల్‌తో పక్కకు కట్టేయండి. ఫోన్‌ను పక్క సీట్లో ఉన్నవారికివ్వండి, లేదా రికార్డింగ్ పెట్టి ఆగాక చూసుకోండి.

సెట్టింగులు మార్చే పని పెట్టుకుంటే బ్యాటరీ 12.4 వోల్టుల కంటే తక్కువ ఉండగా మొదలుపెట్టకండి. పాత విలువ స్క్రీన్‌షాట్ తీసి, ఒక్కసారికి ఒక్కటే మార్చి, అది పనిచేసిందని చూశాక రెండోదానికి వెళ్లండి. రాస్తుండగా ఫోన్‌కు కాల్ వచ్చి యాప్ మూసుకుపోకుండా కాసేపు ఫ్లైట్ మోడ్‌లో ఉంచి బ్లూటూత్ మాత్రం ఆన్ చేయండి.